రబ్బరు బిరడా

నీటి చుక్క నేలపాలైతే పెద్దోడికి ఒళ్ళు మండేది. అవి ఎవరి నీళ్ళన్న పట్టింపు లేదు. వీధి చివరి పంపు కారుతున్నా, ఎవరి పెళ్ళిలోనో ఎవడో సగం తాగిన గ్లాసు బల్ల కింద పెట్టేసినా తన సొమ్మే పోయినట్టు గిలగిల్లాడిపోయేవాడు. తాగునీళ్ళు శుద్ధి చేసి, క్యాన్లలో నింపి, ఇంటింటికీ వేయడం అతని వ్యాపారం. ఇంటి వెనక రేకుల షెడ్డులో యంత్రం, వాకిట్లో వ్యాను, దాన్ని నడపడానికి తమ్ముడు చిన్నోడు, క్యాన్లు మోయడానికి ఇద్దరు మనుషులు. పెద్దోడి చొక్కా జేబులో ఎప్పుడూ ఒక తెల్ల టేపు చుట్ట, కాస్త ఇనప తీగ, క్యాను కుళాయిలకి పెట్టే రబ్బరు బిరడాలు ఉండేవి. కళ్ళజోడు మరిచిపోయి గడప దాటేవాడు గాని బిరడా లేకుండా దాటేవాడు కాదు. ఎక్కడ కారుతున్నా ఆగి, వంగి, బిగించి, చేతులు తుడుచుకుంటూ లేచేవాడు.

కోపం కూడా అలాంటిదే. కొందరికి ముక్కు మీద ఉంటుందంటారు. పెద్దోడికి అంత పైన ఎక్కడో ఉండేది కాదు, చేతుల్లోనే ఉండేది. క్యాను జారవిడిచిన మోతగాడికి చెంప వాచేది. మాటకి మాట చెప్పిన తమ్ముడికి, ఎదిగిన మగవాడని కూడా చూడకుండా, వీపు పగిలేది. పెళ్ళానికి తగలని రోజులు ఆమె గుర్తుపెట్టుకునేది. కొట్టాక మళ్ళీ తనే పక్కన కూర్చుని అన్నం తినిపించేవాడు. మనసు వెన్న అని చుట్టాలు మెచ్చుకునేవారు. ఆ వెన్న రుచి దెబ్బ తిన్నవాళ్ళకి మాత్రం తెలియలేదు.

వ్యాను రేడియేటర్ అడుగున చిల్లుపడిందని తెలిసిన రోజు, చిన్నోడి కంటే ముందు పెద్దోడే మేస్త్రి కొట్లోకి దూసుకెళ్ళాడు. కొట్టంటే ఒక షట్టరు, ఒక బెంచీ, వస్తువుల్ని దవడల మధ్య నొక్కిపట్టడానికి బెంచీకి బిగించిన ఇనప వైసు, గోడ పొడుగునా నిలబెట్టిన రేడియేటర్లు. ఎదురుగా పంచర్లు వేసే ముసలాయన కొట్టు. మేస్త్రి వేరే పనులు ముట్టుకునేవాడు కాదు. రేడియేటర్లు తీయడం, కడగడం, మార్చడం, అంతే.

"ఒరిజినల్ కావాలంటే కంపెనీకి చెప్పి తెప్పించాలన్నా. వారం పట్టచ్చు, ఇంకా ఎక్కువే పట్టచ్చు. లోకల్ మాల్ నా దగ్గరుంది" అన్నాడు మేస్త్రి.

"వారం బండి ఆపితే జనం ఎండిపోతారయ్యా. లోకల్‌ది ఆగుతుందా?"

"లోకల్లోనూ రకాలుంటాయి."

గోడ దగ్గర్నుంచి రెండు తీసి బెంచీ మీద పెట్టాడు. పక్క ప్లాస్టిక్ ట్యాంకుకీ మధ్య అల్యూమినియం జాలీకీ మధ్య ఉండే అంచు మడత మీద బొటనవేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి లాగాడు. మొదటిదాని మీద వేలు ఒకచోట ఆగింది. దాన్ని తీసి అవతల పెట్టేశాడు.

"ఇది నా శత్రువు బండికి కూడా బిగించను. రెండోది బిగిస్తా. జాలీ మందంగా ఉంది, మడత సమంగా ఉంది."

బిగించేటప్పుడు బోల్టు బ్రాకెట్ కన్నంలో కూర్చోలేదు. కొద్దిగా పక్కకి వచ్చింది. మేస్త్రి ఆకురాయితో బ్రాకెట్ కన్నాన్ని కాస్త అరగదీశాడు. ఒరిజినల్ అయితే ఈ బాధ ఉండదని, దాని కొలత దానికే సరిపోతుందని తనే చెప్పాడు. పెద్దోడు మొహం చిట్లించాడు.

"మరి గ్యారంటీ ఎవడిది?"

"నాదే అన్నా. ఏదైనా అయితే వచ్చి నన్నడుగు."

ఆ మాట అన్నాక పెద్దోడి ఫోను మోగింది. క్యాను రాలేదని అవతల ఎవరో కేకలేస్తున్నారు. అతనూ కేకలేస్తూ రోడ్డు మీదికి వెళ్ళాడు. మేస్త్రి చిన్నోడిని దగ్గరికి పిలిచి, మూత పక్క నుంచి వచ్చే సన్నటి గొట్టం చూపించాడు.

"ఇది వెళ్ళి కలవాల్సిన ప్లాస్టిక్ నీళ్ళ సీసా పగిలిపోయింది. అదెక్కడా లోకల్లో దొరకదు, ఒరిజినలే తెప్పించుకోండి. అందాకా ఈ గొట్టం ఇలా వేలాడనీ. వేడెక్కితే చుక్కలు చుక్కలుగా కారుతుంది. కారనీ. అది కారితేనే మంచిది. బండి చల్లారాక తక్కువైన నీళ్ళు పోసుకో."

చిన్నోడు తలూపాడు. మర్నాడు పొద్దున మొదటి లోడు వేసి వచ్చి వాకిట్లో ఆపగానే బండి కింద తడి మచ్చ కనిపించింది. పెద్దోడు మొలకి తువ్వాలు చుట్టుకుని పళ్ళు తోముకుంటున్నవాడు అలాగే వచ్చి గొంతుక్కూర్చున్నాడు. సన్నగొట్టం చివర నుంచి ఒక్కో చుక్కే రాలుతోంది.

"చూశావా వాడి పని? నిన్న బిగించాడు, ఇవాళ కారుతోంది."

"అన్నా, మేస్త్రి అది..."

"మేస్త్రికేం తెలుసురా నీళ్ళ విలువ!"

దండెం మీది చొక్కా జేబులోంచి బిరడా తెప్పించి గొట్టంలోకి తోశాడు. దాని మీద ఇనప తీగ రెండు చుట్లు చుట్టి, కటింగ్ ప్లేయర్‌తో మెలేసి, తీగ కొన మడిచాడు. చుక్క ఆగింది. నోట్లో బ్రష్ అలాగే ఉంది. చిన్నోడు వెళ్ళి ఖాళీ క్యాన్లు దించసాగాడు. ఆ ఇంట్లో మొదలుపెట్టిన వాక్యం పూర్తి చేసే హక్కు ఒక్కరికే ఉండేది.

ఆ మధ్యాహ్నమే అన్నదమ్ములిద్దరూ నిండు లోడుతో వంతెన ఎక్కుతుంటే బండి ముందు నుంచి ఆవిరి లేచింది. చిన్నోడు పక్కకి తీసి ఆపాడు. ఎండ నెత్తిన పెనంలా ఉంది. వెనక వచ్చే బండ్లు హారన్లు కొడుతున్నాయి.

"కాసేపు చల్లారనిద్దాం అన్నా."

"చల్లారేదాకా కస్టమర్లు నోరెండబెట్టుకుని కూర్చుంటారా? దిగి బానెట్ ఎత్తు, ఏమైందో చూడు."

చిన్నోడు దిగాడు. తువ్వాలు చేతికి చుట్టుకుని బానెట్ ఎత్తి, ఊతకర్ర నిలబెట్టడానికి ముందుకి వంగాడు. టైరు పేలినట్టు ఒక చప్పుడైంది. తెల్లటి ఆవిరిలో చిన్నోడు కనిపించలేదు. అరుపు మాత్రం వినిపించింది. పెద్దోడు దూకి వెళ్ళేసరికి తమ్ముడు రోడ్డు మీద మోకాళ్ళ మీద ఉన్నాడు, రెండు చేతులూ మొహానికి ఆనించకుండా మొహం ముందు పట్టుకుని. మెడ మీద చర్మం చొక్కా కాలరుతోపాటు ఊడి వచ్చింది.

పెద్దోడు వ్యాను వెనక తలుపు బాదేసి తెరిచాడు. క్యాను లాగి, మూత పళ్ళతో పీకి, తమ్ముడి తల మీద కుమ్మరించాడు. ఇంకోటి. ఇంకోటి. లోడంతా వంతెన మీద నుంచి కాలవలా పారింది. అతని జీవితంలో అన్ని నీళ్ళు రోడ్డుపాలు కావడం అదే మొదటిసారి. ఏడుస్తూ కుమ్మరిస్తూనే ఉన్నాడు. "నేనున్నాన్రా, నేనున్నాన్రా" అంటున్నాడు.

ఎడమ కన్ను సంగతి ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు.

పెద్దోడు ఆ మాట విని వరండాలోకి వచ్చాడు. గోడ మీద గుద్దాడు. పిడికిలి చిట్లి నెత్తురు వచ్చింది. భార్య చేయి పట్టుకోబోతే విదిలించాడు, ఆమె వెళ్ళి బెంచీ మీద పడింది. "డూప్లికేట్ మాల్ అంటగట్టాడు. నా తమ్ముడి మొహం డూప్లికేటా?" అని అరిచాడు. రోగుల చుట్టాలు లేచి దూరంగా జరిగారు. అతను మోతగాళ్ళిద్దరినీ వెంటేసుకుని ఆసుపత్రి మెట్లు దిగాడు.

మేస్త్రి అప్పుడు ఎవరిదో కారు రేడియేటర్ నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. పెద్దోడు వచ్చింది చూసి, "ఏమన్నా, ఇలా వచ్చావు?" అని నవ్వుతూ లేచాడు. ఆ నవ్వు మీదే మొదటి దెబ్బ పడింది. మేస్త్రి వెనక్కి వెళ్ళి తొట్టిలో పడ్డాడు. జుట్టు పట్టుకుని పైకి లాగి, మళ్ళీ ముంచాడు పెద్దోడు.

"నీళ్ళు వేడిగా ఉన్నాయట్రా? నా తమ్ముడికి ఎంత వేడిగా తగిలాయో తెలుసా?"

మోతగాళ్ళు గోడ వారన ఉన్న రేడియేటర్లని లాగి కింద పడేశారు. పెద్దోడు వాటి మీదెక్కి బూటు మడమతో తొక్కాడు. అల్యూమినియం జాలీలు అప్పడాల్లా అణిగిపోయాయి. ట్యాంకులు చిట్లాయి. పక్కన అట్టపెట్టెలో ఎవరికోసమో తెప్పించిన ఒరిజినల్ ఒకటుంటే దాన్నీ వదల్లేదు. కోపానికి ఒరిజినల్, లోకల్ తేడా తెలియదు. ఎదురుగా పంచరు ముసలాయన "అయ్యో, అయ్యో" అంటూ రెండడుగులు వేశాడు. పెద్దోడు తల తిప్పి చూశాడు. ముసలాయన వేసిన అడుగులు వెనక్కి వేసి, లోపలికి వెళ్ళి, షట్టరు కిందికి లాగేసుకున్నాడు. దడదడమని ఆ చప్పుడు వీధంతా వినిపించింది.

"అన్నా, ఏం జరిగిందో చెప్పు. పగిలినదాన్ని తెచ్చి చూపించు, ఎక్కడ పగిలిందో చూస్తే తెలుస్తుంది" అంటున్నాడు మేస్త్రి. మాటతోపాటు నెత్తురు వస్తోంది. "ఒక్కసారి చూపించన్నా. సన్నగొట్టం సంగతి చిన్నోడికి చెప్పాను, అడుగు..."

"చిన్నోడికి నోరెక్కడుందిరా చెప్పడానికి!"

మోతగాళ్ళు చెరో రెక్క పట్టుకున్నారు. పెద్దోడు మేస్త్రి కుడి చెయ్యి లాగి వైసు దవడల మధ్య పెట్టాడు. పిడి తిప్పాడు. వైసు బాగా నూనె వేసి ఉంచింది, చప్పుడు లేకుండా బిగిసింది.

"గ్యారంటీ ఎవడిది?"

"నాదే అన్నా..."

"తప్పెవడిది?"

"చూడకుండా ఎలా..."

ఇంకో తిప్పు తిప్పాడు. మేస్త్రి కాళ్ళు నేలకి తన్నుకున్నాయి. లోపలి గదిలోంచి అతని భార్య పరిగెత్తుకొచ్చి పెద్దోడి కాళ్ళ మీద పడింది. అతను కాలితో తోసేశాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది, వెంటనే ఇంకోటి. అప్పుడు మేస్త్రి గొంతు అతనిది కానట్టుగా వచ్చింది.

"తప్పు నాదే. నాదే. మాల్ మంచిది కాదు. నేనే తప్పు చేశాను. నాదే అన్నా, నాదే."

పెద్దోడు పిడి వదిలేశాడు. ఒగరుస్తూ నుదురు తుడుచుకున్నాడు. పని పూర్తయిన మనిషిలా జేబులు సర్దుకుని, "ఈ ముక్క ముందే ఒప్పుకుంటే ఇంతదూరం వచ్చేదా?" అన్నాడు.

వాడలో ఎవరూ తప్పనలేదు. అంతకంటే అన్యాయం, చాలామంది మెచ్చుకున్నారు. డూప్లికేట్ మాల్ అమ్మేవాళ్ళందరికీ అలాగే జరగాలన్నారు. కడుపు మండినవాడు మరి ఊరుకుంటాడా అన్నారు. తమ్ముడంటే అంత ప్రాణం అన్నారు. మేస్త్రి ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చేతి మీద రేడియేటర్ పడిందని కట్టు కట్టినవాళ్ళకి చెప్పాడట.

చిన్నోడికి పొద్దున్నే కట్లు మార్చేవాళ్ళు. మందు రాసిన గుడ్డ పుండు నుంచి విడదీస్తుంటే మంచం పట్టీ పట్టుకుని కేకలు పెట్టేవాడు. నర్సు నెమ్మదిగా తీయడం లేదని పెద్దోడు ఆమె మీదికి వెళితే బయటికి గెంటారు. వరండాలో నిలబడి ఆ కేకలన్నీ విన్నాడు. చెవులు మూసుకోలేదు. కట్టు అయ్యాక లోపలికి వచ్చి, తమ్ముడి తల దగ్గర కూర్చుని, గ్లూకోజు నీళ్ళు చెంచాతో పెదాల మధ్య పోశాడు. ఒక్క చుక్క కూడా దిండు మీద పడనివ్వలేదు.

"వాడి సంగతి చూశాన్రా" అన్నాడు మెల్లగా. "కుడిచెయ్యి వైసులో పెట్టి నలిపేశాను. ఇంక జన్మలో రెంచి పట్టుకోడు. తప్పు నాదేనని ఒప్పుకున్నాడు కూడా."

చిన్నోడి కుడికన్ను ఒక్కటే కట్టులోంచి కనిపిస్తోంది. ఆ కన్ను అన్నని చూసింది. తర్వాత నీళ్ళు తిరిగి, కట్టు కింద కాలిన చెంప మీదకి జారాయి. ఉప్పునీళ్ళు పుండుకి తగిలి మూలిగాడు.

"ఏడవకురా. నేనున్నానుగా" అన్నాడు పెద్దోడు. తన కోసం అన్న చేసినదానికి తమ్ముడి కడుపు నిండిందనుకున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనుకునేవాడికి కన్నీళ్ళు కూడా తనకి కావలసినట్టే కనిపిస్తాయి. చిన్నోడు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. వదిన ఆ మంచం కాళ్ళ దగ్గర కూర్చుని దుప్పటి అంచు సరిచేస్తోంది. ఆమెకి మరిది ఏడుపు వేరేగా వినిపించింది గాని, ఏమని అడగాలో తెలియలేదు.

కంపెనీ నుంచి ఒరిజినల్ రేడియేటర్ వచ్చింది, చిన్నోడూ ఇంటికి వచ్చాడు. ఎడమకన్నుకి వెలుగు మాత్రం తెలుస్తోంది, మనిషి తెలియడం లేదు. వరండాలో మంచం వేసి కూర్చోబెట్టారు. పెద్దోడు వాకిట్లో వ్యాను ముందు చాప పరిచి, అట్టపెట్టె విప్పాడు.

"ఇంక ఏ మేస్త్రినీ నమ్మను. నేనే బిగిస్తా" అన్నాడు.

పగిలిన రేడియేటర్‌ని బండిలోంచి విప్పి, దూలంలా భుజానేసుకుని తీసుకెళ్ళి షెడ్డు గోడకి విసిరికొట్టాడు. కొత్తదాన్ని చంటిపిల్లలా ఎత్తి పెట్టాడు. బోల్టులు కన్నాల్లో వాటంతటవే కూర్చున్నాయి. ఆకురాయితో పని లేదు, సుత్తితో పని లేదు. "చూశావురా! ఒరిజినల్ ఒరిజినలే. ఆ దొంగ వెధవ కన్నం అరగదీస్తుంటే అప్పుడే అనుకున్నాను" అని వరండా వైపు తిరిగి అరిచాడు. గొట్టాలకి క్లిప్పులు బిగించి, తన యంత్రంలో శుద్ధి చేసిన నీళ్ళు నింపి, మూత పెట్టాడు. మూత నొక్కితే ఒరిజినల్ మూత టక్కుమని బిగిసింది. ఆ శబ్దానికే సగం తృప్తి కలిగింది.

ఒక చుట్టు తిప్పుకొద్దామని బయల్దేరాడు. ఎండలో వంతెన దాకా వెళ్ళి, అక్కడ ఒక్క క్షణం కూడా ఆగకుండా తిరిగొచ్చాడు. ఆవిరి లేదు, వాసన లేదు. ఈల వేసుకుంటూ దిగాడు. దిగి, అలవాటుగా కిందికి వంగి చూశాడు.

సన్నగొట్టం చివర ఒక చుక్క పెరుగుతోంది. నిండి, రాలింది. దాని వెనకే ఇంకోటి.

"దీని తస్సాదియ్యా, ఇదీ కారుతోందే!"

జేబు తడుముకున్నాడు. టేపు ఉంది, తీగ ఉంది, బిరడాలు అయిపోయాయి. పాతదానికి తను పెట్టింది ఒకటుండాలని గుర్తొచ్చింది. ప్లేయర్ తీసుకుని షెడ్డు గోడ దగ్గరికి వెళ్ళాడు. పగిలిన రేడియేటర్ వెల్లకిలా పడుంది. పక్క ట్యాంకు పొడుగునా నోరు తెరుచుకుంది, మేస్త్రి బొటనవేలు పెట్టి చూసిన అంచు మడత మాత్రం ఎక్కడా విడలేదు. సన్నగొట్టానికి బిరడా అలాగే ఉంది. తీగ రెండు చుట్లూ అలాగే ఉన్నాయి. గొట్టమే ఉబ్బి, బిరడాకి వెనక గోలీకాయంత అయింది. పెద్దోడు బిరడా పట్టుకుని లాగాడు. రాలేదు. బలంగా లాగాడు. అయినా రాలేదు. ప్లేయర్‌తో తీగ మెలిక విప్పబోయాడు.

"అన్నా."

చిన్నోడు గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వరండా దిగి ఎలా వచ్చాడో, వెనకే అన్నం పళ్ళెంతో వదిన ఉంది.

"మళ్ళీ పెడతావా?"

"ఏంట్రా?"

"అది కారాలన్నా. వేడెక్కితే పొంగిన నీళ్ళు బయటికి పోయే దారి అది. కారనీమని మేస్త్రి నాకు చెప్పాడు. సీసా తెచ్చేదాకా అలాగే వేలాడనీమన్నాడు." కాలిన పెదాలతో మాట సరిగ్గా రావడం లేదు. ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "మర్నాడు పొద్దున నువ్వు మూసేశావు. దారి మూస్తే అది ఎటు పోతుంది? నా మొహం మీదికి వచ్చింది."

పెద్దోడు చేతిలోని గొట్టం కేసి చూశాడు. ఉబ్బిన గోలీకాయ మీద బొటనవేలు పెట్టాడు. తర్వాత వాకిట్లో బండి కింద రాలుతున్న ఒరిజినల్ చుక్కల్ని చూశాడు. అతనికి తెలిసిన దారి ఒకటే, ఆ దారిలోనే లేచాడు.

"తెలిసి నువ్వెందుకు చెప్పలేదురా! ఎందుకు చెప్పలేదు!"

"ఎప్పుడు చెప్పనన్నా? నువ్వు కొట్టేటప్పుడా, కొట్టి వచ్చాకా?"

చెయ్యి లేచింది. వదిన మధ్యలోకి వచ్చింది. పళ్ళెం ఎగిరి గోడకి తగిలి, అన్నం షెడ్డంతా చిందింది. ఆమె మణికట్టు మీద ఎర్రగా చార తేలింది. ఆమె పక్కకి జరగలేదు.

"కొట్టండి" అంది. "ఇంకో కన్నుందిగా."

పెళ్ళైనప్పటి నుంచి ఆమె అతనికి ఎదురు చెప్పడం అదే మొదలు. పెద్దోడి చెయ్యి గాలిలో ఆగిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. చివరికి ప్లేయర్ తీసి ఇనప తీగ కత్తిరించాడు. గొట్టాన్ని చీల్చి బిరడా బయటికి తీశాడు. చిన్నగా ఉంది, నల్లగా ఉంది, ఒక పక్క కాస్త మెత్తబడింది. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని అన్నం మెతుకుల మధ్య చతికిలబడ్డాడు. ఎవరూ అతన్ని లేపలేదు.

మర్నాడు ఒక్కడే మేస్త్రి కొట్టుకి వెళ్ళాడు. బూట్లు వేసుకోలేదు, చెప్పులతో వెళ్ళాడు. దారి పొడుగునా చెప్పవలసిన మాటలు నోట్లో తిప్పుకున్నాడు. ఎవరికీ ఎప్పుడూ చెప్పని మాటలు కావడంతో ఒకటీ నిలవలేదు.

కొట్టు ముందు మేస్త్రి భార్య ఆ రోజు తొక్కగా మిగిలిన రేడియేటర్లని సుత్తితో పగలగొడుతోంది. ట్యాంకులు ఒక పక్క, జాలీలు ఒక పక్క పోగేస్తోంది. మేస్త్రి ఎత్తుపీట మీద కూర్చుని ఎడమచేత్తో ఒక్కొక్కటే అందిస్తున్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా పిండికట్టులో ఉంది. కట్టు చివర బయటికి కనిపించే వేళ్ళు ఊదారంగులో ఉన్నాయి. పెద్దోడి నీడ పడగానే సుత్తి ఆగింది. ఆమె దాన్ని కింద పెట్టలేదు.

"ఎందుకు పగలగొడుతున్నారు? ఇవి మంచివే కదా?" అన్నాడు పెద్దోడు. ఆ మాటతో మొదలుపెట్టాలని అనుకోలేదు.

"మంచివైతే మీ తమ్ముడి మొహం ఎందుకలా అవుతుందన్నా" అన్నాడు మేస్త్రి లేచి నిలబడి. "లోకల్ మాల్ ఇంక పెట్టను. తూకానికి వేసేస్తున్నా. అన్నీ నమ్మకం లేనివే."

"మడత మీద వేలు పెట్టి చూశావు కదా. సమంగా ఉందన్నావు కదా."

"ఏదో నాకు తెలిసినట్టు వాగాను. వేలికేం తెలుస్తుంది."

పెద్దోడు గుప్పిట విప్పాడు. అరచేతిలో బిరడా ఉంది, దాని చుట్టూ తీగ ముక్క.

"ఇది నేను పెట్టాను మేస్త్రీ. సన్నగొట్టానికి. నువ్వు కారనీమన్నావట, నాకు తెలియదు. నేను మూసేశాను. అందుకే పేలింది. నీ మాల్‌లో ఏ లోపం లేదు. తప్పు నాది."

మేస్త్రి బిరడాని చూశాడు. మెత్తబడిన పక్కని చూశాడు, తీగ మెలికని చూశాడు. ఒక్క క్షణం అతని కళ్ళలో పాత మనిషి కదిలాడు, బుడగ ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టినవాడిలా. పెదవి విచ్చుకుంది. అప్పుడు అతని చూపు బిరడా మీంచి, బిరడాని పట్టుకున్న చేతి మీదికి జారింది. పిడికిలి మీద చిట్లిన గాయం ఇంకా మానలేదు. మేస్త్రి కళ్ళు దించేసుకున్నాడు.

"ఇంత ముక్క రబ్బరుతో ఏమవుతుందన్నా. దాంతో ఏం కాదు. మాల్‌దే తప్పు. నేను ఒప్పుకున్నాను కదా ఆ రోజే."

"అది నేను ఒప్పించాను! నీకు తెలుసు, ఇప్పుడు చూడగానే నీకు తెలిసింది. చెప్పు!"

"నాకేం తెలియదన్నా."

"మేస్త్రీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. నాదే తప్పని ఒక్కసారి అను. తిట్టు. ఉమ్మెయ్యి. ఈ సుత్తితో నా చెయ్యి పగలగొట్టు. అంతేగాని నీది అనకు."

అతని గొంతు పెరిగింది. పెరిగిందని అతనికి తెలియలేదు. ఒక అడుగు ముందుకి వేశాడు, కాళ్ళు పట్టుకోవడానికే వేశాడు. మేస్త్రి వెనక్కి జరిగి బెంచీకి తగిలాడు. వైసు పిడి గలగలమంది. ఆ చప్పుడుకి మేస్త్రి ఒళ్ళంతా ఒక్కసారి అదిరింది. ఉన్న ఒక్క మంచి చెయ్యీ, ఎడమచెయ్యి, వీపు వెనక్కి వెళ్ళి దాక్కుంది.

"నాదే అన్నా" అన్నాడు గబగబా. "నాదే, నాదే. ఎన్నిసార్లంటే అన్నిసార్లు చెబుతాను. నాదే."

"కాదురా! నాదని చెప్పరా!"

"నాదే అన్నా."

మేస్త్రి భార్య ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. పెద్దోడు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. బిరడా చేతిలోంచి జారి, పగిలిన జాలీల కిందికి దొర్లిపోయింది. వీధికి అవతల పంచరు ముసలాయన ఈ కేకలు విని, చేతిలోని ట్యూబు పక్కన పడేసి, లోపలికి వెళ్ళి, దడదడమని షట్టరు కిందికి లాగేసుకున్నాడు.